నలభై మూడు దాటితే

వానాకాలం ముదిరేసరికి భద్రాచలంలో పలకరింపు మారిపోతుంది. "బాగున్నారా" అనే మాట పోయి "ఎంతకొచ్చింది?" అనే మాట వస్తుంది. ఏది, ఎక్కడికి అని ఎవరూ తిరిగి అడగరు. "నలభై ఒకటిన్నర" అంటే ఒక రకం మొహం, "తగ్గుముఖం పట్టిందంట" అంటే ఇంకో రకం మొహం. కూరగాయల బేరం మధ్యలోనూ, మందుల షాపు దగ్గరా, బడి గేటు ముందూ అదే అంకె, అడుగుల్లో గోదావరి మట్టం.

ఆ అంకె ఊరివాళ్లకే పరిమితం కాదు. ఏరియా ఆస్పత్రి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడితే తెలుస్తుంది. భార్యను వైద్యానికి తీసుకొచ్చిన ఒక పెద్దాయనది గొల్లపల్లి. పేరు అచ్చ తెలుగు, రాష్ట్రం మాత్రం ఛత్తీస్‌గఢ్. పాత బస్తర్‌లో భాగమై, 2012లో విడిగా ఏర్పడిన సుక్మా జిల్లా, కోంట తాలూకా. అక్కడివాళ్లకు పెద్ద వైద్యం అంటే జిల్లా కేంద్రం కన్నా ముందు భద్రాచలమే గుర్తొస్తుంది.

"ఎంతకొచ్చింది బాబూ?"

"నలభై ఒకటి, తాతా. పైన పేరూరులో ఇంకా పెరుగుతుందంట."

పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టి లెక్క వేసుకున్నాడు. నీళ్లు రోడ్డెక్కేలోపు ఇంటికి చేరగలడా, లేక ఆస్పత్రి వరండాలో ఇంకో రెండు రాత్రులా? తూరుబాక దగ్గరో నెల్లిపాక దగ్గరో గోదావరి రోడ్డు మీదికొచ్చిందంటే అటు చర్ల వైపూ, ఇటు కోంట వైపూ దారులు మూసుకుపోతాయి. టీ కొట్టతనిది ఏఎంసీ కాలనీ. అతని లెక్క వేరే. అంకె మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇంతకీ ఈ అడుగులు ఎక్కడి నుంచి కొలుస్తారు? భద్రాచలంలో గోదావరి మట్టానికి మూడు హెచ్చరికలున్నాయి. 43 అడుగులకు మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. ఇవి సముద్ర మట్టం నుంచి లెక్కపెట్టినవి కావు, ఇక్కడి కొలబద్ద మీది అంకెలు. కొలబద్ద సున్నా ఉన్న చోటే సముద్ర మట్టానికి సుమారు 107 అడుగుల ఎత్తు. ఈ 107ను గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది.

43 దగ్గర స్నానఘట్టాల మెట్లు మునిగి నీళ్లు కల్యాణకట్ట వైపు చూస్తాయి. 53 దాటితే పునరావాస కేంద్రాలు నిండుతాయి. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు వచ్చింది, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. 1990లో 70.8. ఆ తర్వాత మళ్లీ డెబ్బై దాటింది 2022 జూలైలో. 16వ తేదీన 71.3 అడుగులు, ఇరవై నాలుగు లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. 1965లో కట్టిన వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వంతెన ఆగితే ఆ ఒడ్డున సారపాక, ఈ ఒడ్డున భద్రాచలం, మధ్యలో చూపులే.

ఆ నీళ్లలో బస్తర్ వాటా చాలా ఉంటుంది, అదీ రెండు రకాలుగా. ఇంద్రావతి పైన ఎక్కడో గోదావరిలో కలిసి, పేరూరు మీదుగా భద్రాచలానికి వస్తుంది. అందుకే కాలనీల్లో అనుభవం ఉన్నవాళ్లు ఇక్కడి అంకె కన్నా ముందు పేరూరు అంకె అడుగుతారు. పేరూరులో తగ్గితే కొన్ని గంటలకు ఇక్కడా తగ్గుతుందని ధైర్యం. శబరి అలా కాదు. అది కోంట పక్కనుంచి దిగి, భద్రాచలానికి కింద, కూనవరం దగ్గర కలుస్తుంది. శబరి పోటు మీదుంటే గోదావరి ముందుకు పోవడానికి దారి ఇరుకవుతుంది, నీళ్లు వెనక్కి నిలుస్తాయి. గోదావరి పోటు మీదుంటే శబరే వెనక్కి తన్ని కోంటను ముంచుతుంది. అంటే బస్తర్ అడవుల్లో కురిసిన వాన ఒక దారిన వరదై వస్తుంది, ఇంకో దారిన ఆ వరదకు అడ్డం పడుతుంది.

అయితే సుభాష్‌నగర్, అయ్యప్ప కాలనీ, ఏఎంసీ కాలనీ, అశోక్‌నగర్ కొత్తకాలనీ వంటి పల్లపు కాలనీలవాళ్లతో మాట్లాడితే గోదావరిని తిట్టేవాళ్లు తక్కువ. వాళ్ల గోడంతా కరకట్ట లోపలి నీళ్ల గురించే. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. కరకట్ట ఉన్నది నదిని ఆపడానికే కదా, మరి నది ఇంకా కట్ట ఎక్కకముందే ఇళ్లలోకి నీళ్లెలా వచ్చాయి?

ఊరి వాలు నదివైపే. మామూలు రోజుల్లో వంటింటి తూరలో పోసిన నీళ్లు వీధి కాలువలో పడి, పెద్ద కాలువలో కలిసి, కట్ట అడుగున ఉన్న తూముల గుండా గోదావరిలో పడతాయి. ఊళ్లో వాటిని స్లూయిజ్‌లనే అంటారు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, వాలే పని చేస్తుంది. నది లేచి తూము నోటికన్నా పైకి వచ్చిందంటే ఆ దారే తిరగబడుతుంది. కట్టిన కట్టకు మనమే పెట్టిన కన్నంలోంచి నది లోపలికి వస్తుంది. కాబట్టి మొదటి హెచ్చరిక దరిదాపులకు వచ్చేసరికి తలుపులు దించేస్తారు. నది బయటే ఆగుతుంది, నిజమే. ఊరి నీళ్లు కూడా లోపలే ఆగుతాయి.

ఇక వాన మొదలైతే చూడాలి. ఎకరం నేల మీద అంగుళం వాన పడితే లక్ష లీటర్లు దాటుతాయి, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. ఊరు ఎన్ని ఎకరాలో, ఒక్క రాత్రి ఎన్ని అంగుళాలు పడుతుందో లెక్కేసుకోండి. ఆ మొత్తాన్నీ పెద్ద మోటార్లతో కట్ట మీదుగా ఎత్తి నదిలో పోయాలి. కరెంటు పోకూడదు, డీజిల్ అయిపోకూడదు, మోటారు మూతిలో చెత్త ఇరుక్కోకూడదు. పోతుంది, అయిపోతుంది, ఇరుక్కుంటుంది.

చెత్త అంటే ఇంకో కథ. 2014లో గోదావరి దిగువన కడుతున్న పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో చుట్టుపక్కల కొన్ని మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు, భద్రాచలం మండలంలో పట్టణం ఒక్కటే తెలంగాణలో మిగిలింది. ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల — ఊరిని ఆనుకుని ఉన్న ఈ ఐదు పంచాయతీలూ అటు వెళ్లాయి. రాముడి గుడి ఇక్కడ, రాముడి భూములు పురుషోత్తపట్నంలో, పక్క రాష్ట్రంలో. 2011 జనగణన నాటికే యాభై వేల జనాభా ఉన్న ఊరికి చెత్త పోసుకునే జాగా లేకుండా పోయింది. అది కట్ట పక్కన పడుతుంది, అక్కణ్నుంచి కాలువలోకి జారుతుంది, చివరికి మోటారు మూతికి చుట్టుకుంటుంది. ఇంత ఊరూ ఇంకా గ్రామ పంచాయతీయే. 2022 చివర్లో దాన్ని మూడు పంచాయతీలుగా విడగొడుతూ ఉత్తర్వు వస్తే జనం ఒప్పుకోలేదు. మురుగుకాలువకు పంచాయతీ హద్దు తెలియదు కదా అని నాకూ అనిపించింది.

అంత పల్లంలో ఇళ్లెందుకు కట్టుకున్నారని అడగడం తేలిక. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారకుండా 1/70 చట్టం ఉంది, ఉండవలసిన చట్టమే. 2014 తర్వాత ఊరు పెరగడానికి చుట్టూ నేల కూడా లేదు. మెరక మీద గజం కొనలేనివాడికి మిగిలేది చెరువు పక్క, కట్ట కింద.

కాలనీలో ఆ రోజులు ఎలా ఉంటాయో దగ్గరగా చూస్తే, మొదట కదిలేది బోరు మోటారు. దాన్ని విప్పి మేడ మీదికో, మేడ ఉన్న ఇంటికో చేరుస్తారు. తర్వాత బియ్యం, పట్టాదారు పాసుపుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు. ఫ్రిజ్జును మంచం మీదికి, మంచాన్ని ఇటుకల మీదికి ఎత్తుతారు. ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను తాడుతో కిటికీ ఊచకు కట్టేస్తారు, లేకపోతే తేలిపోతుంది. మొదట నీళ్లు వాకిట్లోంచి రావు, స్నానాలగది తూరలోంచి బుడబుడమంటూ వస్తాయి. అందుకని తూరలో గోనెసంచీ కుక్కి, పైన సన్నికల్లు పెడతారు. బురద తీసేటప్పుడు ఇంకా చమత్కారం. నీళ్లు పూర్తిగా పోయేదాకా ఆగరు. చీలమండ లోతుకు దిగుతుండగానే చీపుళ్లు పట్టుకుని, పోయే నీళ్లతోటే ఒండ్రును తోసేస్తారు. ఒక్క పూట ఆలస్యమైతే అది ఆరి పలకలు కట్టి పారకు కూడా లొంగదు. "గోదారి తెచ్చింది గోదారితోటే పంపాలి" అంది ఒక పిన్ని, చీపురు ఆపకుండానే.

2022 వరద తగ్గుతుండగా అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు వచ్చి, వెయ్యి కోట్లతో కట్టలు బాగుచేసి మెరక మీద శాశ్వత కాలనీ కడతామని ప్రకటించారు. ఆ వెయ్యి కోట్ల సంగతి ఊరివాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ 107 సంగతి. దానికి మొదటి హెచ్చరిక 43 కలపండి. 150 అడుగులు. మీటర్లలో 45.72. ఈ అంకె ఎక్కడో విన్నట్టు లేదూ? పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం సరిగ్గా అదే. జలాశయం నిండుకుండలా ఉన్నప్పుడు, నదికి వరద ఏమీ లేకపోయినా, భద్రాచలం కొలబద్ద 43 దగ్గర నిలబడే అవకాశం ఉంది. తెలంగాణ ప్రభుత్వం కేంద్రం ముందు పెట్టిన అభ్యంతరాల్లో ఇదొకటి. దీన్ని 2022 వరద పోలవరం వల్లే వచ్చిందన్న వాదనతో కలిపేసి గందరగోళం చేయడం నాకు నచ్చదు. పోలవరం లేని 1986లోనే 75.6 వచ్చింది, కాబట్టి పెద్ద వరదలన్నిటినీ ఆనకట్ట ఖాతాలో రాయలేం. కాలనీవాళ్ల అసలు భయం వేరు, చిన్నది, రోజువారీది. ఇప్పుడు వానాకాలంలో కొన్ని రోజులే మూసే తూములు, నీళ్లు ఆ మట్టంలో నిలిచినన్ని నెలలూ మూసే ఉంచాలి. తుపాను వాన అక్టోబరులోనూ పడుతుంది. వాలు చేసే పని అప్పుడు మోటార్లే చేయాలి, పంచాయతీ కరెంటు బిల్లుతో. తొలి దశలో 41.15 మీటర్ల వరకే నింపుతామంటున్నారు. కొలబద్ద మీద అది 28 అడుగులు, అప్పుడు ఈ బెడద అంత ఉండదు. కాలనీవాళ్లు అడిగేది రెండో దశ గురించి.

ఈ ప్రశ్న సరిహద్దు దాటి కూడా పోతుంది. 1980 నాటి గోదావరి జల వివాదాల ట్రిబ్యునల్ తీర్పులో కోంట ప్రస్తావన ఉంది. అక్కడ 150 అడుగులకు మించి ముంపు రాకుండా రక్షణ కట్టలు కట్టాలన్నారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రెండూ సుప్రీంకోర్టులో దావాలు వేశాయి. శబరి ఒడ్డున కట్ట పోస్తే దాని అడుగున తూములూ ఉంటాయి, శబరి లేచినప్పుడు వాటినీ మూయాలి.

టీ కొట్టు దగ్గర పెద్దాయనకు ఈ మాట చెబితే, కోంటలో మా అల్లుడి ఇల్లు ఏటి పక్కనే అన్నాడు. "కట్ట పోస్తే మంచిదే కదా?"

"మంచిదే తాతా. మోటార్లు ఎన్ని పెడతారో కూడా అడగమనండి."

సాయంత్రానికి ఫోన్లో కొత్త అంకె వచ్చింది. 42.6. టీ కొట్టతను పొయ్యి ఆర్పి, చక్కెర బస్తా అటక మీదికి ఎక్కించి, ఇంటికి ఫోన్ చేశాడు. "బోరు మోటారు విప్పారా? సరే. ఫ్రిజ్జు మాత్రం నేనొచ్చాక ఎత్తుదాం, ఒక్కదానివే పట్టుకోకు."