కారులో దీపానికి ఏ రంగు?



ఒక మాష్టరు తప్పు చెప్పిన కథ చెబుతాను, వినండి. ఆ మాష్టరును నేనే.

మా రాయికోడులో, నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు కిరాయికారు నడుపుతున్నాడు. జహీరాబాదుకూ, ఒక్కొక్కప్పుడు బీదరుకూ మనుషులను తీసుకుపోతూ ఉంటాడు. ఒకనాడు అతను దీపాలపట్టీ ఒకటి కొనితెచ్చి నాకు చూపించాడు. రిబ్బనులాగా సన్నగా, పొడుగ్గా ఉన్నది. దానినిండా ఆవగింజలంతటి దీపాలు. చేతిలోని చిన్నపెట్టె మీద మీట నొక్కితే ఎరుపు, ఇంకొకటి నొక్కితే పచ్చ, మరొకటి నొక్కితే నీలం!

"సార్, కారులో ఏ రంగు పెట్టమంటరు?" అని అడిగాడు.

నేను వెనకా ముందూ చూడకుండా, "నీలం పెట్టు నాయనా. చల్లని రంగు. కళ్ళకు హాయిగా ఉంటుంది," అన్నాను.

హెడ్మాష్టరు చెప్పాడంటే ఇక తిరుగేమున్నది? అతను ఆ పట్టీని ముందు అద్దం కిందనే, ఈ చివరనుంచి ఆ చివరకు అతికించాడు.

చలికాలంలో ఒకరాత్రి మేమిద్దరం జహీరాబాదు నుంచి తిరిగి వస్తున్నాం. ఊరి వెలుగులు వెనకపడ్డాయి. దారికి రెండువైపులా చెరకుతోటలు. కారులో నీలపు వెలుగు వెన్నెలలాగా పరుచుకుని ఉన్నది. నా సలహాకు నేనే మురిసిపోతున్నాను. అంతలో అబ్బాయి "అయ్యో!" అంటూ బ్రేకు తొక్కాడు. నా తల ముందుకు ఊగింది. చూస్తే, ఎదుట రెండు బారల దూరంలో చెరకుగడల కొనలు! చెరకు నింపిన ట్రాలీ ఒకటి దారిపక్కన ఆగి ఉన్నది. దాని వెనక దీపం లేదు.

దీపం పెట్టకపోవడం ట్రాలీవాని తప్పే. కాని మా కారుకు ముందు దీపాలు వెలుగుతూనే ఉన్నవి గదా, మాకు అది అంత ఆలస్యంగా ఎందుకు కనబడింది? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకండులో దాదాపు 17 మీటర్లు పోతుంది. అర సెకండు ఆలస్యంగా చూస్తే ఎనిమిది మీటర్లు! మాకు మిగిలిన దూరం అంతకంటె తక్కువే.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను ఆ అబ్బాయికి చెప్పిన జవాబు తప్పేమో! మరునాటినుంచి పుస్తకాలు తీశాను.

ముందు అద్దం సంగతి చెబుతాను. మీరు రాత్రిపూట బస్సు ఎక్కినప్పుడు కిటికీ అద్దంలోకి చూశారా? బయట చెట్లు కనబడవు, మీ ముఖమే కనబడుతుంది. అందుకే డ్రైవరు తన దగ్గరి దీపం ఆర్పించి బస్సు నడుపుతాడు. అద్దంమీద ఎదురుగా పడిన వెలుగులో నూటికి సుమారు ఎనిమిది పాళ్ళు వెనక్కు తిరిగి వస్తుంది. ఏటవాలుగా పడితే ఇంకా ఎక్కువే రావచ్చు. పగటిపూట బయటి వెలుగు ముందు ఆ ఎనిమిది పాళ్ళూ మన లెక్కలోకి రావు. రాత్రి బయట చీకటి. అప్పుడు లోపలి దీపం అద్దంమీద తెరలాగా నిలుస్తుంది. మావాడు పట్టీని అద్దం కిందనే అతికించాడు గదా! ఆ నీలపు తెర వెనక ట్రాలీ దాగిపోయింది.

రంగు ఏదైనా ఈ బాధ తప్పదు. అయితే రంగుకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. అది తెలియాలంటే మన కంటి లోపలికి పోవాలి.

మన కంటి వెనకభాగంలో ఒక పల్చని పొర ఉన్నది. వెలుగును పట్టుకునే కణాలు అందులో రెండు జాతులు. శంకువులలాగా ఉండేవి సుమారు 60 లక్షలు. ఇవి పగటి కాపలాదారులు. రంగులు చెప్పేవి ఇవే. కడ్డీలలాగా ఉండేవి సుమారు 12 కోట్లు. ఇవి రాత్రి కాపలాదారులు. వీటికి రంగులు తెలియవు గాని, నక్షత్రాల వెలుతురు కూడా పట్టుకుంటవి. ఈ కడ్డీలలో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగు తగలగానే అది విరిగిపోతుంది. చీకటిలో మళ్ళీ మెల్లగా తయారవుతుంది. అది పూర్తిగా తయారు కావడానికి అరగంట పైగా పడుతుంది. సినిమాహాలులోకి పోగానే మీరు కుర్చీలు తడుముకునేది ఇందుకే. దాని తయారీకి ఏ విటమిన్ కావాలి. మునగాకూ, తోటకూరా, బొప్పాయీ తినమని అమ్మ ఊరికే చెప్పదు. ఏ విటమిన్ చాలకపోతే రేచీకటి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కడ్డీలకు నీలమూ పచ్చా కలిసిన కాంతి అంటే చాలా చురుకు. ముదురు ఎరుపును అవి ఇంచుమించు గుర్తించవు. కావాలంటే మాపటివేళ ఎర్రమందారచెట్టు దగ్గర నిలబడి చూడండి. చీకటి పడేకొద్దీ పువ్వు నల్లగా మారుతుంది, ఆకులు మాత్రం తెల్లతెల్లగా కనబడుతూనే ఉంటవి. చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1819లో ఈ వింత గమనించాడు. దీనికి ఆయన పేరే పెట్టారు.

అంటే, నీలపుదీపం రాత్రి కాపలాదారుల కళ్ళలో కారం కొట్టినట్లు! ఎర్రదీపమైతే వారిని కదిలించదు. రెండవ ప్రపంచయుద్ధంలో రాత్రిపూట విమానాలు నడిపేవారికీ, జలాంతర్గాములలోని వారికీ ఎర్రదీపాలు పెట్టింది ఇందుకే.

నీలంతో ఇంకొక చిక్కు. మన కన్ను అన్ని రంగులనూ ఒకేచోట కేంద్రీకరించలేదు. నీలపు కాంతి కొంచెం ముందుగానే కేంద్రీకరిస్తుంది. మన వీరభద్రస్వామి జాతరలో దీపాలతోరణాలను దూరంనుంచి చూడండి. ఎర్రదీపాలు చుక్కల్లాగా ఉంటవి, నీలపువి అలుక్కుపోయినట్లుంటవి. నా వయస్సువారి కంటికి ఆ అలుకుడు మరింత ఎక్కువ.

పాపం, నీలపుదీపాన్ని అంతా తిట్టకూడదు. ఈ ఆవగింజ దీపాలలో, కంటికి కనబడే ఎరుపు దీపాన్ని 1962లో హోలోన్యాక్ అనే అమెరికను తయారు చేశాడు. మంచి వెలుగునిచ్చే నీలపుదీపం కోసం ఆ తరవాత 30 ఏళ్ళు పట్టింది. అది సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమానం వచ్చింది. నీలం దొరికినాకనే ఎరుపూ, పచ్చా, నీలం కలిపి అన్ని రంగులూ చేయడం సాధ్యమైంది. ఒక్కొక్కదానికి 256 మెట్లు. 256ను 256తో, మళ్ళీ 256తో హెచ్చవేయండి. 1,67,77,216 రంగులు! 2016లో వచ్చిన మెర్సిడిస్ ఇ-క్లాస్ కారులో వాటిలోనుంచి 64 ఏరి ఇచ్చారు. మా అబ్బాయి కిరాయికారులో పట్టీకి ఆ లోటు లేదు!

ఇదంతా చెప్పి, "నేను నీకు తప్పు చెప్పాను నాయనా," అన్నాను. అతను నవ్వి, "అయితే ఎరుపు పెట్టేద్దాం సార్," అన్నాడు.

"తొందరపడకు. పరీక్ష చేద్దాం," అన్నాను. ఈసారి నేను తొందరపడదలచలేదు.

అమావాస్య దగ్గరలో ఉన్న ఒక రాత్రి, ఊరిబయట చేను పక్కన కారు ఆపుకున్నాం. ముందు దీపాలు ఆర్పేశాం. అబ్బాయి తమ్ముడు నల్లగొంగళి కప్పుకుని దూరంనుంచి మావైపు నడిచి వచ్చాడు. అద్దం కింద నీలం వెలుగుతూ ఉంటే, వాడు గట్టు దగ్గరకు వచ్చినదాకా కనబడలేదు. పట్టీ పీకి కాళ్ళదగ్గర, సీటు కిందికి తిప్పి, వెలుగు బాగా తగ్గించి మళ్ళీ చూశాం. నీలమైతే చింతచెట్టు దాటినాక కనబడ్డాడు. ఎరుపైతే చింతచెట్టు దగ్గరే కనబడ్డాడు. నారింజరంగుకూ ఎరుపుకూ అంత తేడా తెలియలేదు.

అంటే రంగు మార్చినందువల్ల కలిగిన లాభం కంటె, దీపం చోటు మార్చి వెలుగు తగ్గించినందువల్ల కలిగిన లాభం ఎక్కువ! ఇది నా పుస్తకాలలో అంత గట్టిగా నాకు కనబడలేదు. పైగా కారు నడిచేటప్పుడు ముందు దీపాల వెలుగు దారిమీద పడుతూనే ఉంటుంది గనుక, డ్రైవరు కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటుపడవు. ఎరుపువల్ల కలిగే లాభం అంతమేరకు తగ్గుతుంది.

ఎరుపుతో వేరే బాధలున్నవి. బ్రేకులో లోపమున్నా, ఇంజనులో నూనె తగ్గినా కారులో ఎర్రదీపమే వెలుగుతుంది. చుట్టూ అంతా ఎర్రగా ఉంటే అది కంటికి ఆనుతుందా? ఎర్రసిరాతో గీసిన గీత ఎర్రదీపం కింద మాయమవుతుంది. పటాలు చదువుకోవడానికి ఇదే అడ్డమై, తరవాత తరవాత విమానాలలో మందమైన తెల్లదీపాలు వాడారు. బండి ముందువైపుకు ఎర్రకాంతి చూపరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో ఉన్నది. లోపలి దీపాలకు అందులో మినహాయింపు ఉన్నమాట నిజమే. అయినా ఎదుటివానికి అనుమానం కలిగించడం దేనికి?

చివరకు నారింజరంగు స్థిరపరిచాం. కాళ్ళదగ్గర, సీటు కింద, తక్కువ వెలుగు. పడిపోయిన చిల్లర వెతుక్కోవడానికి చాలు.

అబ్బాయి ఇద్దరు పిల్లలూ మాత్రం ఒప్పుకోలేదు. "మాకు నీలమే కావాలె!" అని పేచీ పెట్టారు. కారు ఇంటిముందు ఆగి ఉన్నప్పుడు నీలం వేసుకోవచ్చునని రాజీ కుదిరింది. ఇప్పుడు సాయంత్రాలు వాళ్ళిద్దరూ ఆగిన కారులో కూర్చుని అంతరిక్షంలోకి పోయి వస్తున్నారు.

అబ్బాయి కారులో ఇప్పుడు ఇంకొక వస్తువు కూడా ఉంటున్నది. వెలుగు పడితే మెరిసే ఎర్రపట్టీ చుట్ట. చెరకు కోతల రోజుల్లో దారిపక్కన ట్రాలీ కనబడితే కారు ఆపి, దాని వెనక జానెడు ముక్క అతికించి వస్తాడు.

"ఎరుపు అక్కడ మంచిదే కదా సార్?" అని అడిగాడు మొన్న.

ఈసారి కూడా వెంటనే జవాబు చెప్పాను. అవునని.