ట్రే లేని కంప్యూటర్లో పెళ్ళి సీడీ

కామవరపుకోటలో నాది ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాను. క్యాసెట్ పోయి వీసీడీ వచ్చింది, అదీ పోయి డీవీడీ వచ్చింది, ఇప్పుడు అందరికీ పెన్‌డ్రైవే ఇస్తున్నాం. జనం నోట్లో మాత్రం అన్నీ ‘పెళ్ళి సీడీ’లే.

మొన్న తడికలపూడి నుంచి ఒక పెద్దాయన వచ్చి చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టారు.

“మావాడి పెళ్ళి సీడీ గీతలు పడి ఆగిపోతోందండి. అమెరికాలో వాడి దగ్గరున్నదాన్ని కాపీ తీసి నెట్‌లో పంపాడు. మా అల్లుడి లాప్‌టాప్‌లో నొక్కితే సీడీ పెట్టమంటోంది. మీరు కాస్త రైట్ చేసివ్వాలి.”

“రైట్ చేసిస్తాను గానీ, దేంట్లో పెట్టి చూస్తారండి?”

ఆయన ఆలోచనలో పడ్డారు. డీవీడీ ప్లేయర్ మూలన పడి ఏళ్ళయింది. అల్లుడి లాప్‌టాప్‌లో ట్రే పనిచేయదు.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఒకే ఒక్క ఫైలు, పేరు చివర ఐఎస్‌ఓ అని ఉంది. నా కంప్యూటర్లోకి కాపీ చేసుకుని దాని మీద రెండుసార్లు నొక్కాను. డ్రైవ్‌ల వరసలో కొత్తగా ఒక డీవీడీ డ్రైవ్ ప్రత్యక్షమైంది. అందులో వీడియో టీఎస్ అనే ఫోల్డర్, నిజం డిస్కులో ఉన్నట్టే. ప్లేయర్‌లో తెరవగానే సన్నాయి మొదలైంది. ఆయన సీపీయూ పక్కకి వంగి చూసి, “సీడీ ఎప్పుడు పెట్టారండి?” అన్నారు.

పెట్టలేదు. ఆ ఫైలే సీడీ. కంప్యూటర్ వాళ్ళు దాన్ని డిస్క్ ఇమేజ్ అంటారు. ఇమేజ్ అంటే నాకు ఫొటోయే కదా, మొదట్లో నేనూ తికమకపడ్డాను. మామూలు కాపీలో ఫైళ్ళు మాత్రమే వస్తాయి. ఇమేజ్‌లో డిస్కు మీద ఏ గడిలో ఏముందో, ఆ వరస మొత్తం వస్తుంది. మా మండలంలోనే ఉన్న గుంటుపల్లి గుహల్లో గుండ్రటి చైత్యంలోకి వెళ్ళి తలెత్తి చూడండి. కొయ్య కప్పుకి ఉండే వాసాలన్నీ రాతిలో చెక్కారు. ఆ కొండకి వాసాల అవసరమే లేదు, అయినా ఒక్కటీ వదల్లేదు. ఇమేజ్ తీసే సాఫ్ట్‌వేర్‌దీ అదే పట్టుదల. ఇక ఐఎస్‌ఓ అన్న పేరు, సీడీలో ఫైళ్ళు ఎలా అమర్చాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9660 నుంచి వచ్చింది. అది 1988 నాటిది.

ఈ ఫైలుని డ్రైవ్‌లా తగిలించడాన్ని మౌంట్ చేయడం అంటారు. దీన్ని 2012లో విండోస్ 8 నుంచి సిస్టమ్‌లోనే కలిపేశారు. రెండుసార్లు నొక్కితే వేరే సాఫ్ట్‌వేర్ ఏదైనా తెరుచుకుంటుంటే, కుడి బటన్ నొక్కి ‘మౌంట్’ ఎంచుకోవాలి. పని అయ్యాక ఆ డ్రైవ్ మీద ‘ఎజెక్ట్’ కొడితే మాయమవుతుంది, ఫైలు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. లోపల ఏదీ చెరిపే వీలు లేదు కాబట్టి పిల్లల చేతికిచ్చినా భయం లేదు.

అల్లుడుగారిది విండోస్ 7. అందులో ఐఎస్‌ఓ మీద నొక్కితే, డిస్కు పెట్టండి, రైట్ చేస్తాను అని అడుగుతుంది. అంచేత రైట్ చేయడమొక్కటే దారి అని వాళ్ళు అనుకున్నారు. దానికి విన్‌సీడీఎము అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సరి. పెళ్ళి చూడ్డమే పనైతే అదీ అక్కర్లేదు, వీఎల్‌సీ ప్లేయర్ డీవీడీ ఐఎస్‌ఓని నేరుగా తెరుస్తుంది. ఒక్క చిక్కుంది. నిండు డీవీడీ ఇమేజ్ 4 జీబీ దాటుతుంది. ఫ్యాట్32లో ఉన్న పెన్‌డ్రైవ్ అంత పెద్ద ఫైలుని పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయాలి.

ఇంతలో ఆయన సంచిలోంచి ఇంకో డిస్కు తీశారు. కూతురి పెళ్ళిది, వీసీడీ. నాకు భయం దీనితోనే. సీడీ మీద ఒక్కో గడి 2352 బైట్లు. మామూలు డేటా సీడీలో అందులో 2048 బైట్లే సరుకు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం తప్పులు దిద్దుకోవడానికి. వీసీడీ వాళ్ళు ఆ దిద్దుబాటు జాగాని లాక్కుని, గడికి 2324 బైట్లు బొమ్మకే ఇచ్చేశారు. ఐఎస్‌ఓ ఫైలేమో గడికి 2048 దగ్గరే ఆగిపోతుంది. నేనూ ఒకసారి తెలియక వీసీడీని ఐఎస్‌ఓ చేసి పెట్టుకున్నాను, తాళి కట్టే చోట తెరంతా గళ్ళు గళ్ళుగా విడిపోయింది. వీసీడీని బిన్, క్యూ అనే రెండు ఫైళ్ళుగా తీయాలి. బిన్‌లో సరుకుంటుంది, క్యూ అంటే ఆ సరుకు చిట్టా. ఇమ్జ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది. ఈ జోడీని విండోస్ తనంతట తాను తెరవదు, విన్‌సీడీఎము తెరుస్తుంది. డిస్కు బాగుంటే ఇంత తతంగమెందుకు, అందులో వీడియో ఉండే డ్యాట్ ఫైలుని కాపీ చేసుకున్నా చాలు. కానీ గీత తగిలిన చోట ఆ కాపీ మొరాయిస్తుంది.

ఇంకొకటి. మెయిల్లో బిల్లు అనో కొరియర్ అనో ఐఎస్‌ఓ వస్తే ముట్టుకోకండి. నెట్ నుంచి దించిన ఫైలుకి విండోస్ ఒక గుర్తు వేసి, తెరిచేముందు హెచ్చరిస్తుంది. ఐఎస్‌ఓ లోపలి ఫైళ్ళకి ఆ గుర్తు అంటేది కాదు. దొంగలకి అదే దారి అయింది. 2022 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఆ కంత పూడ్చింది గానీ, అప్‌డేట్లు అందని పాత కంప్యూటర్లు మన దగ్గర ఎన్ని లేవు!

పెద్దాయన పెళ్ళి మొత్తం కుర్చీలో కూర్చుని చూశారు. మధ్యలో టీ తెప్పించాను. నేను ఎజెక్ట్ కొట్టి పెన్‌డ్రైవ్ తిరిగిస్తుంటే లేచారు.

“బాగుందండి. అయినా ఒక సీడీ కూడా రైట్ చేసివ్వండి. పైన పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ఫొటో వేసి. మా ఆవిడ బీరువాలో దాచుకుంటుంది.”

పాత సీపీయూ దుమ్ము దులిపి ట్రే బటన్ నొక్కాను. మూడోసారికి బయటికొచ్చింది.