ప్యూరిఫయర్ మీద ‘ఫోటోక్యాటలిస్ట్’ అని ఉందా? కొనేముందు ఈ నంబర్ చూడండి

పోయిన దీపావళి సేల్‌లో కోరుట్లలో ఉన్న మా అమ్మ కోసం ఒక ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాను. అమ్మ బీడీలు చేస్తది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కూర్చుంటే తంబాకు దుమ్ము ముక్కులోకి పోతది, రాత్రంతా దగ్గు. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ‘నానో ఫోటోక్యాటలిస్ట్’ అని ఉంది, లోపల చక్కని వంకాయ రంగు లైటు. బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా కూడా ఆ పదం చూసి పడిపోయా. రెండు నెలలైనా దగ్గు తగ్గలేదు. అప్పుడు తీరిగ్గా మాన్యువల్ చదివాను.

కోటింగ్: టైటానియం డయాక్సైడ్, అనటేస్ రకం. లైటు: 405 నానోమీటర్లు. ఈ రెండు లైన్లలోనే నా డబ్బులు ఎక్కడ పోయాయో ఉంది.

టైటానియం డయాక్సైడ్ అంటే తెల్ల పెయింట్‌లో కలిపే పౌడరే. అది ఒక సెమీకండక్టర్. తగిన వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగురుతుంది, అది వదిలిన ఖాళీని హోల్ అంటారు. ఇవి రెండూ పైపొరకు చేరితే గాలిలోని ఆక్సిజన్, తేమతో కలిసి చురుకైన రాడికల్స్ పుడతాయి. వాసనల్ని, రంగుల్ని ముక్కలు చేసేది అవే. 1972లో జపాన్‌కు చెందిన ఫుజిషిమా, హోండా ఇదే పదార్థంతో, వెలుగు సాయంతో నీటిని విడగొట్టి చూపించారు. కానీ అనటేస్‌లో ఎలక్ట్రాన్ ఎగరాలంటే సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 1240ని 3.2తో భాగించండి, 387 వస్తుంది. వెలుగు 387 నానోమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉండాలన్నమాట. మా 405 లైటు పెళ్లింటి సీరియల్ బల్బుతో సమానం.

ఎండలో కూడా యూవీ నాలుగైదు శాతమే. పైగా ఎగిరిన ఎలక్ట్రాన్ చాలాసార్లు పని చేయకుండానే మళ్లీ హోల్‌లో పడిపోతుంది. అందుకే రీసెర్చర్లు సెమీకండక్టర్ మీద మెటల్ నానో కణాలు అతికిస్తారు. ప్లాటినం, బంగారం లాంటివి ఎలక్ట్రాన్‌ను తమ వైపు లాక్కుంటాయి. రెండూ కలిసే చోట ఉండే అడ్డంకి వల్ల అది సులభంగా వెనక్కి రాలేదు, వన్‌వే గేటులా. బంగారం ఇంకో పని కూడా చేస్తుంది. పది, ఇరవై నానోమీటర్ల బంగారు కణాలు 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ వెలుగును గట్టిగా పీల్చుకుంటాయి, అందులో కొన్ని ఎలక్ట్రాన్లు పక్కనున్న టైటానియం డయాక్సైడ్‌లోకి దూకుతాయి. ఐడియా సూపర్, రేటు మాత్రం మనకు తెలిసిందే! కడప యోగి వేమన యూనివర్సిటీ ల్యాబ్ అందుకే చవకైన రాగిని టైటానియాతో కలిపి, గ్లిజరాల్ కలిపిన నీటి నుంచి హైడ్రోజన్ తీయడం మీద పని చేసింది.

సరే, ఇవన్నీ ఉన్నా అమ్మ దగ్గు తగ్గేదా? తగ్గదు. తంబాకు దుమ్ము గ్యాస్ కాదు, కణాలు. దానికి కావాల్సింది హెపా ఫిల్టర్, కిటికీకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఇప్పుడు అవే పెట్టాను.

ఇది పనికొచ్చే చోట్లు లేవని కాదు. జగిత్యాల చల్‌గల్ మామిడి మార్కెట్ చూసినోళ్లకు తెలుసు, ఒక్క కాయ మగ్గితే పక్క కాయలూ మగ్గుతాయి. కారణం ఇథిలీన్ గ్యాస్. 1990లలో నాసా సపోర్టుతో అంతరిక్షంలో మొక్కలు పెంచే పెట్టె కోసం టైటానియం డయాక్సైడ్, యూవీ లైటుతో ఇథిలీన్‌ను తీసేసే పరికరం చేశారు. మూసిన పెట్టె, కొద్దిపాటి గ్యాస్, సరైన లైటు. అక్కడ ఇది హీరో.

ఇదంతా ఫోన్‌లో చెప్తుంటే సిరిసిల్ల మామ పట్టుకున్నాడు. ఆయన అద్దకం యూనిట్‌లో పని చేస్తాడు. “అల్లుడూ, రంగు నీళ్లల్ల గా పౌడర్ కలిపి ఎండల పెడితే సాఫ్ అయితయంటున్నడు ఒక ఏజెంటు. నా కండ్ల ముందే డెమో చూపించిండు. మా సేటు లక్షలు పెడ్తడట. నిజమేనా?”

డెమోలో నీళ్లు తెల్లబడటం నిజమే కావచ్చు. ల్యాబుల్లో మిథిలీన్ బ్లూ రంగుతో చేసే టెస్టూ ఇదే. కానీ కొన్ని రంగులు పౌడర్ లేకున్నా ఎండకే వెలిసిపోతాయి, కొన్ని పౌడర్‌కు అంటుకుని మాయమైనట్టు కనిపిస్తాయి. రంగు పోయినంత మాత్రాన లోపలి కెమికల్ పోయినట్టు కాదు, చిన్న ముక్కలై అందులోనే ఉండొచ్చు. పైగా చిక్కటి రంగు నీళ్లలో వెలుగు లోపలికే దిగదు. ఆ నీళ్లు రేపు మానేరులో కలిస్తే?

మామకు మూడు గ్లాసుల టెస్ట్ చెప్పాను. మీ యూనిట్ నీళ్లే తీసుకోవాలి. ఒకటి పౌడర్‌తో ఎండలో, ఒకటి పౌడర్ లేకుండా ఎండలో, ఒకటి పౌడర్‌తో చీకట్లో. తర్వాత మూడింటికీ సీఓడీ టెస్ట్ చేయించి రిపోర్ట్ ఇవ్వమనండి, కంటితో చూసి ఒప్పుకోవద్దు అన్నాను.

మామ ఏజెంటును అడిగాడట. “రెండు రోజుల్ల పంపిస్త” అన్నాడట. నెలైంది, ఇంకా రాలేదు.