ప్రయాణములో గాలివాన: పొరుగువారికి ఊరి ఆసరా

2023 జూలై 25వ తేదీ ఉదయముతో ముగిసిన 24 గంటలలో నిజామాబాదు జిల్లా వేల్పూరున 46 సెంటీమీటర్ల వర్షము కురిసినది. ఆర్మూరును ఆనుకొనియున్న పెర్కిట్‌లో 33 సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్లు దాటిన వానను వాతావరణ శాఖవారు అత్యంత భారీ వర్షముగా లెక్కింతురు. ఎకరము నేలపై 46 సెంటీమీటర్ల వాన యనగా 18 లక్షల లీటర్లకు మించిన నీరు. ఇంకుటకు వ్యవధి లేని ఆ నీరు చెరువులకును, వాగులకును, అచ్చటినుండి గోదావరికిని పరుగిడును. నీరు నిలిచిన పసుపు చేనిలో దుంప కుళ్లునని రైతు పడు ఆరాటము ఈ ప్రాంతపు సభ్యులకు వేరుగా చెప్పనక్కరలేదు.

పంటనష్టమును గూర్చి చెప్పువారు పలువురు గలరు. మేమిచ్చట ప్రస్తావింపదలచినది వేరొక వర్గమువారిని. సెలవులకు పిల్లాపాపలతో విహారమునకో, దైవదర్శనమునకో బయలుదేరి, నడిదారిలో గాలివానకు చిక్కుకొనువారు వీరు. ఆర్మూరు 44వ, 63వ జాతీయ రహదారులు కలియు కూడలి. పోచంపాడులోని శ్రీరామసాగర్ జలాశయము చూడవచ్చువారు, బాసరకు పోవువారు, కొండగట్టుకు పోవువారు, నవనాథ సిద్ధులగుట్ట ఎక్కువారు ఈ పరిసరములలో తిరుగుచుందురు. వారికి ఈ నేల క్రొత్త. కప్పలవాగు ఏ వానకు పొంగునో, ఏ కల్వర్టుమీద ముందుగా నీరు పారునో ఊరిలోని పశువుల కాపరికి తెలియును గాని, పట్టణమునుండి కారులో వచ్చిన గృహస్థునకు తెలియదు.

అదే వారములో, అదే వర్షపు ఉధృతిలో, ములుగు జిల్లాలో జరిగిన ఒక సంఘటన ఇందుకు తార్కాణము. జూలై 26వ తేదీన వెంకటాపురం మండలము వీరభద్రవరము సమీపమున అడవిలోనున్న ముత్యాలధార జలపాతమును చూడబోయిన సుమారు 80 మంది పర్యాటకులు తిరుగుదారి పట్టునప్పటికి దారిలోని వాగు పొంగినది. ప్రొద్దు గ్రుంకినది, వాన వెలియలేదు. వారు చేతిలోని సెల్‌ఫోనులతో పోలీసులకు కబురందించిరి. వాగు దాటుటకు ప్రయత్నింపవద్దనియు, మెరక ప్రదేశమున కూడియుండవలెననియు, ఫోనులలోని విద్యుత్తును పొదుపుగా వాడుకొనవలెననియు అధికారులు వారికి చెప్పిరి. జాతీయ విపత్తు స్పందన దళమువారు, జిల్లా సిబ్బంది రాత్రివేళ అడవిలో ప్రవేశించి, మరునాడు తెల్లవారకముందే వారిని సురక్షితముగా వెలికి తెచ్చిరి. ఆ రాత్రి వాన సామాన్యమైనది కాదు. అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున దాదాపు 65 సెంటీమీటర్లు నమోదైనది. కొండాయి గ్రామమున జంపన్నవాగు ప్రాణములను బలిగొన్నది. అట్టి రాత్రి చీకటిలో, తడిసి, ఆకలితో నిలిచియుండుటకు ఎంత ఓర్పు కావలెనో ఊహింపవచ్చును. కదలకుండుటయే వారిని కాచినది.

కదలకుండుట ఇంత కష్టమేల? ఇల్లు చేరవలెనను తొందర మొదటి కారణము. వెంట పసిపిల్లలుండిన ఆ తొందర రెట్టింపగును. రెండవ కారణము, నీటి బలము కంటికి తెలియకపోవుట. వేగముగా పారు నీరు మోకాటి లోతుననే దిట్టమైన మనిషిని పడద్రోయగలదు. రెండడుగుల నీటిలో సామాన్యమైన కారు తేలిపోవును. చక్రములు నేలను విడిచిన పిదప నడుపువాని నేర్పు ఏమియు పనిచేయదు. పెద్ద బండి గలదను ధైర్యము ఇచ్చట చేటు. బురదనీటి అడుగున రోడ్డు కోసుకొనిపోయినదో లేదో ఎవరును చూడజాలరు. వాన మనమున్నచోట లేకున్నను, ఎగువ గుట్టలలో కురిసిన నీరు కొంతసేపటికి హఠాత్తుగా వచ్చి మీదపడవచ్చును. చిన్న వాగులు సాధారణముగా పొంగినంత త్వరగానే తీయును గనుక, కొన్ని గంటల నిరీక్షణతో దాటవలసినదానికి ప్రాణము పణముగా పెట్టుట ఎంతమాత్రమును తగదు.

ఈ నిరీక్షణను సాధ్యము చేయుట పంచాయతీ చేతిలోని పని. వాగుకు ఇరువైపుల ఒక మనిషిని నిలిపి, తాడో, ముళ్లకంపయో అడ్డముగా కట్టించి బండ్లను ఆపవచ్చును. కల్వర్టు ప్రక్కన అడుగుల గుర్తులతో ఎఱ్ఱరంగు పూసిన రాతిస్తంభము నాటించినచో క్రొత్తవాడును లోతును పోల్చుకొనును. అయితే ఆపుట ఒక్కటే చాలదు. ఆపినవారికి చోటు చూపకపోయినచో వారు వేరొక దారి వెదకి మరియొక వాగులో పడుదురు. బడియో, పంచాయతీ భవనమో, ఫంక్షను హాలో తెరచి, వేడినీరు, పాలు, పొడిబట్ట, స్త్రీలకు మరుగుచోటు ఏర్పరచిన చాలును. బడి తాళము ఎవరియొద్ద నున్నదో వానాకాలమునకు ముందే తెలిసియుండవలెను. అర్ధరాత్రి తాళపుచెవికై వెదకు ఊరిలో ఎన్ని తీర్మానములున్నను వ్యర్థమే. నిజామాబాదు జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు బలముగా నున్నవి. అవి పూనుకొనిన ఈ పని పెద్ద ఖర్చు లేకయే జరుగును. చిక్కుకొనినవారి సమాచారమును 112 సంఖ్యకు తెలుపునపుడు తలల లెక్క, పిల్లల సంఖ్య, సమీపపు గుడియో చెరువో ఆనవాలుగా చెప్పవలెను. పోచంపాడు దిగువన నదిలో దిగిన సందర్శకులకు, గేట్లు ఎత్తుటకు ముందు మ్రోగు సైరను అర్థమేమియో తెలియజెప్పువారును ఉండవలెను. ఆ ఆనకట్టకు 42 గేట్లు గలవు.

వేసవి గాలివాన తీరు వేరు. పసుపు ఉడికించి కల్లములలో ఆరబోయు దినములలో, మధ్యాహ్నపు ఎండ తరువాత మేఘములు క్రమ్మి, ఈదురుగాలి, వడగళ్లు, పిడుగులు ఒక్కుమ్మడిగా వచ్చును. ఇందు అన్నిటికంటె ప్రమాదకరమైనది పిడుగు. మెఱుపు కనబడిన పిమ్మట మూడు సెకండ్లకు ఉరుము వినబడినచో అది సుమారు ఒక కిలోమీటరు దూరమున పడినదని అర్థము. ఉరుము వినబడుచున్నదన్న పిడుగు మనకు అందునంత దగ్గరలోనే యున్నదన్న మాట. అప్పుడు గుట్టమీద నున్నవారిని వెంటనే దింపవలెను. ఒంటరి చెట్టు నీడ, రాతిచరియ క్రింది గుంత, కల్లములో నాటిన గుంజ ఇవి ఏవియు రక్షణ కావు. పక్కా ఇల్లు గాని, అద్దములు మూసిన కారు గాని శ్రేయస్కరము. కారు ఇనుప పైకప్పు పిడుగు విద్యుత్తును వెలుపలి తొడుగు మీదుగానే నేలకు దింపును. ఏ ఆసరాయు లేనిచోట కుటుంబమువారు భయముతో ఒకరినొకరు పట్టుకొని గుమిగూడుదురు. ఇది సహజమే గాని హానికరము. కొంత ఎడముగా, పాదములు దగ్గరగా చేర్చి, నేలపై పండుకొనక, గొంతుకూర్చుండవలెను. చివరి ఉరుము తరువాత అరగంట గడువనిదే బయటకు రాకూడదు. టార్పాలిన్లు కప్పుటకు కల్లములకు పరుగెత్తు మన రైతులకును ఈ మాటయే వర్తించును.

పిడుగు దెబ్బ తగిలినవానిని ముట్టుకొన్నచో షాకు కొట్టునని పల్లెలలో ఒక భయము గలదు. అది నిజము కాదు; ఆ శరీరములో విద్యుత్తు నిలిచియుండదు. శ్వాస ఆగినట్లు కనబడినను వెంటనే 108కి కబురంపి, రెండు అరచేతులను రొమ్ము నడుమ నుంచి నిమిషమునకు 100 నుండి 120 సార్లు బలముగా నొక్కుచు, అంబులెన్సు వచ్చువరకు ఆపక కొనసాగించవలెను.