వార్తల్లో పదం: రాజ్యాంగ సభ చర్చలు

సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదనలు జరిగేటప్పుడు తరచూ ఈ మాట వినిపిస్తుంది. 1946 డిసెంబరు 9న మొదలైన రాజ్యాంగ సభలో సభ్యులు చేసిన ప్రసంగాల అధికారిక నమోదే ఈ చర్చలు. న్యాయశాస్త్ర పరిశోధకులకు ఇవి విలువైన ఆకరాలు. అయితే ఆకరం సాక్ష్యమే తప్ప తుదితీర్పు కాదు. రాజ్యాంగంలోని 21వ అధికరణమే ఇందుకు ఉదాహరణ. వ్యక్తి స్వేచ్ఛకు రక్షణగా తొలుత అనుకున్న ‘డ్యూ ప్రాసెస్’ (న్యాయమైన ప్రక్రియ) అనే అమెరికా పదబంధాన్ని వదిలి, ‘చట్టం నిర్ణయించిన పద్ధతి’ అన్న మాటను ముసాయిదాలో చేర్చారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ మార్పును సమర్థించారు. 1950లో ఎ.కె.గోపాలన్ కేసులో కోర్టు ఆ మాటకు ఇరుకైన అర్థమే ఇచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసులో మాత్రం ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలంది. తీర్పులు మాత్రమే చదివితే ఈ మలుపు ఎంత పెద్దదో తెలియదు. చర్చలు మాత్రమే చదివితే ఆ మలుపు ఎందుకొచ్చిందో అర్థం కాదు.

ఒక సభ్యుడి ప్రసంగం సభ మొత్తం అభిప్రాయం ఎలా అవుతుందన్న అభ్యంతరం సబబైనదే. గోపాలన్ కేసులో న్యాయమూర్తులూ ఆ హెచ్చరిక చేశారు. అంతమాత్రాన చర్చలను పక్కన పెట్టనక్కర్లేదు. ప్రసంగాన్ని ముసాయిదా ప్రతులతో, ఉపసంఘాల పత్రాలతో, సభ ఆమోదించిన సవరణలతో సరిపోల్చి చూస్తే చాలు. ఎవరైనా ఈ చర్చల నుంచి ఒక్క వాక్యం ఉటంకిస్తే, దానికి ముందూ వెనకా ఏముందో, చివరికి సభ ఏది ఆమోదించిందో పాఠకులు తప్పక అడగాలి.