కూటమి చూచిన కన్నులు

1962 ఫిబ్రవరి మొదటి వారంలో భారతదేశమంతటా అష్టగ్రహ కూటమి మాటే వినవచ్చినది. రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని, కేతువు మకరరాశిలో చేరుతున్నారనీ, ప్రళయం తప్పదనీ జనం భీతిల్లిరి. హోమాలు, జపాలు విరివిగా సాగినవి. ఫిబ్రవరి 5 గడచినది, ప్రళయం రాలేదు.

ఇంతకూ ఆ కూటమిని కన్నులారా చూచినవారెవరు? దాదాపు ఎవరూ లేరు. నడుమ సూర్యుడుండగా తక్కిన గ్రహాలన్నీ ఆ తేజస్సులో మునిగిపోయినవి. కేతువు అసలు గోళమే కాదు. చంద్రుని మార్గం సూర్యుని మార్గాన్ని ఖండించే ఒక బిందువు. అమావాస్య అట్టి బిందువు సమీపాన సంభవించుటచేతనే ఆనాడు సూర్యగ్రహణం కలిగినది. న్యూగినీ, పసిఫిక్ ప్రాంతాలలో సూర్యబింబం పూర్తిగా మరుగుపడిన కొద్ది నిమిషాలలో తప్ప ఆ గ్రహాల గుంపు చూపులకు అందేది కాదు. జనం చూడని దానికే అంతగా భయపడిరన్నమాట.

చూడదగిన కలయిక 2020 డిసెంబరు 21న జరిగినది. సూర్యాస్తమయానంతరం నైరుతి ఆకాశాన గురువు, శని డిగ్రీలో పదవవంతు ఎడమున, అనగా పున్నమి చంద్రుని వెడల్పులో అయిదవవంతు దూరాన నిలిచినవి. చిన్న దూరదర్శినిలో గురుని నాలుగు చందమామలూ, శని వలయాలూ ఒకే చూపులో కనబడినవి. 1623లో కూడ అవి ఇంత చేరువైనవి గాని, అప్పుడు సూర్యునికి సమీపాన ఉండుటచే చూచుట దుర్లభమైనది. అట్టి సామీప్యం తేటగా కనబడుట 1226 తరువాత 2020లోనే.

ఆ చేరువ మన కంటికే గాని వాటికి కాదు. ఆనాడు గురువు మనకు సుమారు 89 కోట్ల కిలోమీటర్ల దూరాన, శని సుమారు 162 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్నవి. దూరాన ఉన్న రెండు తాళ్లు ఒకే వరుసలోకి వచ్చినప్పుడు బాటసారికి జంటగా తోచునట్లే ఇదీను.

దీని లెక్క ఎలిమెంటరీ పాఠశాల బాలునికి సైతం బోధపడగలదు. గురువు రాశిచక్రాన్ని సుమారు 12 ఏండ్లలో చుట్టివచ్చును. మన నదుల పుష్కరాలకు ఆధారమదే. శనికి దాదాపు 30 ఏండ్లు పట్టును. గురువు ఏటికి 30 డిగ్రీలు, శని 12 డిగ్రీలు నడచును గనుక, గురువు ఏటా 18 డిగ్రీలు ముందుకు పోవును. 360ని 18చే భాగించిన 20. కావుననే ఈ రెండూ ఇరువదేండ్లకొకసారి కలియును.

సూర్యసిద్ధాంతంలో గ్రహయుతికి ప్రత్యేకంగా ఒక అధికారమున్నది. గ్రహాలు తమ తమ మార్గాలలో పరస్పరం దూరంగానే సంచరించునని దాని చివర చెప్పబడినది. ప్రాచీనులు శుభాశుభాలు ఎన్నిరన్నది నిజమే. కాని ముందుగా గణించిరి, ఆకాశంవైపు చూచిరి. 1962లో ఆ రెండవ పని లోపించినది.

పరిశీలనకు పెద్ద సాధనాలు అక్కరలేదు. నక్షత్రాలు మినుకుమినుకుమనును, గ్రహాలు నిలుకడగా వెలుగును. చేయి చాచి పిడికిలి బిగించిన దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, చిటికెనవ్రేలి వెడల్పు దాదాపు ఒక డిగ్రీ. రెండు గ్రహాలు చేరువవుతున్న దినాలలో రోజూ ఒకే వేళకు వాటి ఎడము కొలిచి, నోటుపుస్తకంలో చుక్కలుగా గుర్తించవలెను. శుక్రుడు, గురువు సుమారు 13 నెలలకొకసారి కలియును. 2023 మార్చి ఆరంభంలో అవి అర్ధ డిగ్రీ ఎడమున పడమటి దిక్కున వెలిగినవి. ఈ జంటతో అభ్యాసం ఆరంభించుట సులభం.

గురు శనులు 2040లో తిరిగి కలియును, సుమారు ఒక డిగ్రీ ఎడమున. 2080 మార్చిలో 2020 నాటి వలెనే సన్నిహితమగును. నేడు బడిలో ఉన్న బాలబాలికలు ఆ రెంటినీ చూడవచ్చును. పక్షం రోజులు చుక్కలు గుర్తించిన బాలికకు, ఆ కలయిక ఏ రాత్రి కలుగునో, ఏ రాత్రి నుండి విడిపోవునో తన పుస్తకమే చెప్పును. ఆమెను ప్రళయం పేర బెదరించుట కష్టం.