చేప తలలో చిన్న గింజ

మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాదులో చేపలకు గిరాకీ. ఆ రోజు చేప తినాలని పెద్దలు చెబుతారు. తార్నాకలోనూ చేపలు అమ్మే చోట జనం గుమిగూడతారు.

ఆ రోజుల్లో బొచ్చె చేపను కోస్తే ఒక్కోసారి కడుపు నిండా గుడ్లు కనిపిస్తాయి. అప్పుడు ఒక సందేహం వస్తుంది. ఇన్ని గుడ్లుంటే చెరువులో పిల్లలు ఎందుకు కావు? ఏటేటా పిల్లల్ని తెచ్చి ఎందుకు వదలాలి?

జవాబు చేప కడుపులో లేదు. తలలో ఉంది.

బొచ్చె, రవ్వ నది చేపలు

బొచ్చె, రవ్వ, మోసు చేపలు నదిలో పుట్టినవి. వానాకాలంలో నదికి కొత్త నీరు వస్తుంది. నీళ్లు పరుగెడతాయి. అప్పుడే ఇవి గుడ్లు పెడతాయి. చెరువులో నీళ్లు కదలవు. అక్కడ చేప పెరుగుతుంది. కడుపులో గుడ్లూ తయారవుతాయి. కానీ బయటకు రావు. కొన్నాళ్లకు ఒంట్లోనే కరిగిపోతాయి.

ఎందుకట్లా?

మెదడు పంపే కబురు

తార్నాక పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. అది 1918లో మొదలైంది. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో జంతువుల ఒంటి తీరు గురించి పాఠాలు చెబుతారు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మీసాల చేపల మెదడు మీద పరిశోధనలే జరిగాయి. ఇట్లాంటి పరిశోధనల వల్ల తెలిసిన సంగతి ఇది.

చేప మెదడు కింద చిన్న గింజలాంటి గ్రంథి ఉంటుంది. దాని పేరు పిట్యూటరీ. కొత్త నీరు వచ్చిందని చేపకు తెలియగానే మెదడు ఈ గ్రంథికి కబురు పంపుతుంది. గ్రంథి ఒక రసాన్ని రక్తంలోకి వదులుతుంది. ఇట్లా రక్తంలో కలిసి కబురు మోసే రసాన్ని హార్మోను అంటారు. అది అందితేనే గుడ్లు పూర్తిగా పండి బయటకు వస్తాయి.

మెదడులోనే డోపమిన్ అనే ఇంకో రసాయనం ఉంది. అది ఎద్దుకు ముకుతాడు లాంటిది. సమయం రానిదే ఆ రసాన్ని వదలనివ్వదు. చెరువులో ఉన్న చేపకు ఈ ముకుతాడు సడలదు.

మగ చేపకు ఎట్లా తెలుస్తుంది?

ఇళ్లలో గాజు తొట్టిలో పెంచే బంగారు చేపల్లో దీన్ని బాగా పరిశీలించారు. ఆడ చేప ఒంట్లోని హార్మోన్లు కొంచెం నీళ్లలోకి వస్తాయి. మగ చేప ఆ వాసన పట్టి వెంటపడుతుంది. ఆడ చేప గుడ్లు వదులుతుంది. మగ చేప వాటి మీద పాలలాంటి వీర్యం వదులుతుంది. నీళ్లలోనే రెండూ కలుస్తాయి.

సూది మందు వచ్చింది

ఒకప్పుడు బొచ్చె, రవ్వ పిల్లల్ని నదుల్లోనే పట్టి తెచ్చేవారు. వాటిలో పనికిరాని చేపల పిల్లలు కూడా కలిసి వచ్చేవి. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త దారి చూపారు. ఒక చేప తలలోని గ్రంథిని తీసి, నూరి, ఆ రసాన్ని మరో చేపకు సూదితో ఎక్కించారు. ఆ చేప గుడ్లు పెట్టింది! అందుకే మన దేశంలో జూలై 10న చేపల రైతుల దినం జరుపుతారు.

ఇప్పుడు తయారుగా ఉన్న మందు దొరుకుతుంది. అందులో రెండు పనులు చేసేవి ఉంటాయి. ఒకటి గ్రంథికి కబురు ఇస్తుంది. రెండోది డోపమిన్ ముకుతాడు విప్పుతుంది. ఈ రెండోది డోంపెరిడోన్. వాంతులు ఆగడానికి మనుషులకు ఇచ్చే మందు కూడా అదే.

పిట్యూటరీ గ్రంథి మనకూ ఉంది. నెలసరికి, కాన్పు నొప్పులకు, తల్లిపాలకు కావలసిన హార్మోన్లు దాని నుంచే వస్తాయి. వీటికీ మైలకూ సంబంధం లేదు. ఇది ఒంటి పని. చేపకైనా, మనిషికైనా అంతే.

మన చెరువు సంగతి

చెరువు మీద బతికే కుటుంబాలకు ఇది తెలిసి ఉండాలి. చెరువు నిండినా, పిల్లల్ని వదలకపోతే బొచ్చె, రవ్వ వాటంతటవి రావు. అందుకే పిల్లలు వేళకు వచ్చాయా, లెక్క సరిపోయిందా అని సంఘంలో ఆడవాళ్లు కూడా అడగాలి.

కొర్రమీను సంగతి వేరు. అది చెరువులోనే గడ్డి మధ్య గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎర్రగా, గుంపుగా తిరుగుతాయి. తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. ఆ వేళ పెద్ద చేపల్ని పట్టేస్తే పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. కొన్నాళ్లు ఆగితే ఆ గుంపే రేపు మన వలలోకి వస్తుంది.

ఆలోచించండి

1. మీ ఊరి చెరువులో ఏ చేపలు వాటంతటవే పిల్లలు పెడతాయి?
2. నిరుడు మీ చెరువులో చేపపిల్లల్ని ఎప్పుడు వదిలారు? ఎన్ని వదిలారు? లెక్క ఎవరు చూశారు?